ఆదివారం పైలట్

"రాసినవాడి చేతులు పడిపోను!" అంటూ అక్క తెల్ల యూనిఫాం చొక్కాలు మడిచి పెట్టెలో కుక్కుతోంది. "ఇరవై రెండేళ్ల సర్వీసు. ఒక్క ఉత్తరంతో మీ బావని విమానం దింపి నేలమీద కూర్చోబెట్టారు."

తమ్ముడు కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎవరు రాశారో తెలిసిందా అక్కా?"

"ఆయన చెబితేగా! 'ఆఫీసుకి ఉత్తరం వెళ్లింది' అన్నారు, మూగనోము పట్టారు. నువ్వైనా కదిపి చూడు."

తమ్ముడు వారమంతా మందుల షాపులో కూర్చుని, ఆదివారం క్లబ్బువాళ్ల చిన్న విమానం నడుపుతాడు. ఆ సరదా అంటించింది బావే. "నువ్వు సరదాకి ఎగురుతావు, నేను పొట్టకి ఎగురుతాను. అంతేరా తేడా" అని ఏడిపించేవాడు.

పోయిన నెల ఆ రెండు సీట్ల విమానంలో పక్కన కూర్చున్న బావ ఉన్నట్టుండి కళ్లు మూసుకుని సీటు అంచు పట్టుకున్నాడు. ముఖం పాలిపోయింది. "తల తిరిగింది. ఏం లేదులే" అన్నాడు.

ఏం లేకపోవడమేమిటి? బావ విమానమెక్కితే వెనక నూట ఎనభై ప్రాణాలుంటాయి. సరదాకి ఎగిరేవాడైతే తల తిరిగిన రోజు ఇంట్లో పడుకుంటాడు. పొట్టకోసం ఎగిరేవాడు నోరు విప్పుతాడా? తమ్ముడు వారం రోజులు తనలో తను నలిగి, చివరికి బావవాళ్ల కంపెనీ డాక్టరుకి ఉత్తరం రాసి పడేశాడు. ఇప్పుడు అక్క ముఖం చూడలేకపోతున్నాడు.

బాల్కనీలో బావ మొక్కలకి నీళ్లు పోస్తున్నాడు.

"రారా, ఆదివారం పైలట్! నేనిప్పుడు ఏ వారం పైలట్‌నీ కాదు."

ఆ నవ్వు చూసేసరికి తమ్ముడికి ఆగలేదు.

"బావా, ఆ ఉత్తరం రాసింది నేనే. తిట్టండి, కొట్టండి. మీ కడుపు కొట్టాను. అక్కకీ చెప్పేస్తాను."

బావ నీళ్లు పోయడం ఆపలేదు.

"కింద సంతకం పెట్టావా?"

"లేదు. ధైర్యం చాల్లేదు."

"పిచ్చివాడా! సంతకం లేని ఉత్తరాలు మావాళ్లు చదవరు. తిన్నగా చెత్తబుట్టలోకే."

"మరి... మిమ్మల్ని ఎందుకు దింపేశారు?"

బావ గదిలోకి ఓసారి తొంగిచూసి, గొంతు తగ్గించాడు.

"నేను సంతకం పెట్టే రాశాను."