తెలీలా

ప్రత్యూష గ్రూపులో కొత్త 'ప' పెట్టిన కాసేపటికే జవాబు వచ్చింది.

'తెలీలా.'

"మళ్లీనా!" అంటూ ఫోను బల్ల మీద పడేసింది.

ఇందుకూరుపేటలో ఫ్లెక్సీల షాపులో ఆమెకు డిజైనర్ ఉద్యోగం. తీరిక దొరికినప్పుడల్లా సొంతంగా ఒక తెలుగు ఫాంట్ గీస్తోంది. ప్రతి అక్షరానికీ ఒక తీగ, తీగ చివర మొగ్గలు. పేరు 'సన్నజాజి'.

సరదాకి ఫాంట్లు గీసుకునే ఇరవై మంది కలిసి 'అక్షరాల అరుగు' అని వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. ఎవరు ఏ అక్షరం పెట్టినా చప్పట్లు, పూల బొమ్మలు.

ఆ ఒక్క నంబరు తప్ప.

దానికి పేరు లేదు, ఫొటో లేదు. అక్షరం గుర్తుపట్టేట్టు ఉంటే 'తెలిసింది'. లేకపోతే 'తెలీలా'. మూడో మాట లేదు.

"ఎవరన్నా ఈయన?" అని గ్రూపు నడిపే హెన్రీకి ఫోను చేసింది. అతను గూడూరులో పెళ్లి పత్రికలు డిజైన్ చేస్తాడు.

"ఏమోమా. లింకు పట్టుకొని చేరినాడు. రిటైరైన తెలుగు పండితుడై ఉంటాడు. అంత పట్టుదల ఇంకెవురికుంటాది?"

ప్రత్యూష విసుక్కుంటూనే 'ధ'ని మూడుసార్లు దిద్దింది, 'మ'ని నాలుగుసార్లు. 'తెలిసింది' అని వచ్చేదాకా ఆమెకు నిద్ర పట్టేది కాదు.

'ప' దగ్గర మాత్రం మొండికేసింది. తలకట్టు మీంచి అక్షరం మీదికి దిగే తీగ ఆమెకు ప్రాణం. అటు జరిపింది, ఇటు జరిపింది గానీ తీసెయ్యలేదు.

ఇది ఆరో 'ప'. ఆరో 'తెలీలా'.

"అన్నా, ఆ గ్రూపులో ఆయనైనా ఉండాల, నేనైనా ఉండాల."

హెన్రీ ఆ నంబరు తీసేశాడు. అందరూ కలిసి ఆరో 'ప'కి పూలవాన కురిపించారు.

వారం తిరిగింది. జువ్వలదిన్నెలో పడవల పందెం. బ్యానరు పని ప్రత్యూషకే వచ్చింది. సన్నజాజి మొదటిసారి నలుగురి ముందుకు వెళ్తోందని మురిసిపోతూ పెద్ద పెద్ద అక్షరాలతో వేసి పంపింది.

మర్నాడు పొద్దున్నే కమిటీ పెద్ద చిన్నపోలయ్య ఫోను చేశాడు.

"అమ్మా, బ్యానరు బెమ్మాండంగా ఉండాది. అయితే వడవల వందెం అంటే ఏందిమా?"

"పడవల పందెం అన్నా!"

"నేనూ అదే చెప్తా ఉండా. ఈడ పిలకాయలు ఇంటేనా? 'వడవల వందెం, వడవల వందెం' అని ఒకటే కేకలు!"

ప్రత్యూష కంప్యూటరు తెరిచి చూసింది. తీగ దిగి తలకట్టును అక్షరానికి అంటించేసింది. 'ప' కాస్తా 'వ' అయి కూర్చుంది.

ముందు ఏడుపొచ్చింది. 'వందెం' అని పైకి చదువుకునేసరికి పగలబడి నవ్వొచ్చింది. తీగ కత్తిరించి, గంటలో కొత్త బ్యానరు పంపింది.

తర్వాత గ్రూపులో పాత మెసేజీలన్నీ తిరగేసింది. 'తెలీలా' అన్న ప్రతిచోటా నిజంగానే తప్పుంది. చప్పట్లు కొట్టిన ఒక్కరికీ అది కనబడలేదు.

ఆ నంబరుకు మెసేజి పెట్టింది. 'గురువుగారూ, తప్పు నాది. మిమ్మల్ని కలవాలి.'

పొద్దున పెట్టినదానికి సాయంత్రం జవాబు వచ్చింది. 'జువ్వలదిన్నె రండి.'

"కోపం ఇంకా తగ్గలేదు" అన్నాడు హెన్రీ. "ఊరికే పోతే బాగుండదు, శాలువా తీసుకో. నేనూ వస్తా."

ఆదివారం ఇద్దరూ వెళ్లారు. హార్బరు దగ్గర నిలబడి ప్రత్యూష ఆ నంబరుకు ఫోను చేసింది.

పది అడుగుల దూరంలో మోగింది.

చేపలు ఎండబెడుతున్న ఒక పెద్దావిడ కొంగుకు చేతులు తుడుచుకుని ఫోను తీసింది.

"అమ్మా, ఈ ఫోను వాడే పెద్దాయన ఎక్కడ?" అని అడిగాడు హెన్రీ.

"పెద్దాయనెవురయ్యా? ఫోను నాదే. నా పేరు పేరమ్మ."

హెన్రీ చేతిలో శాలువా అట్లాగే ఉండిపోయింది. ప్రత్యూష ముందుకొచ్చింది.

"గ్రూపులో... అక్షరాలు పెట్టేదాన్ని నేనేనమ్మా."

పేరమ్మ ముఖం వెలిగిపోయింది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"నువ్వేనా తల్లీ మా పంతులమ్మవి! అక్షరాలు నేర్పే గ్రూపని చేరినా. పోయినేడాదే పలక పట్టినా. నాకు తెలీలా అంటే చాలు, విసుక్కోకుండా మళ్లా సులువుగా రాసి పెట్టేదానివి. పాపం, 'ప' ఒక్కటి ఆరుమాట్లు చూపించినా పట్టుకోలేకపోయినా గదా, నాకు చదువు రాదని బళ్లోంచి పేరు తీసేసినారనుకొన్నా!"