కాకి నల్లబడిన కొండ

కొండ ఎక్కబోతున్న వరూధినికి ఒక చేతికర్ర అడ్డం పడింది.

"బూట్లు ఇప్పు పాపా. ఈ బండ మింద బూట్లు నిలబడవు."

కర్ర వెనకాల ఒక ముసలాయన. నడుం వంగింది గానీ నోరు వంగలేదు. పేరు ఆవులప్ప.

"నేను చూసుకుంటాలే తాతా," అంది వరూధిని.

చందాపుర దాటి నాలుగు మైళ్లు పోతే వస్తుంది ఆ కొండ, నిప్పుగుండు. పట్టుమని అరగంట ఎక్కుడు కూడా లేదు. కానీ నిచ్చెన నిలబెట్టినట్టుంటుంది. పైకి చేరితే సగం బెంగళూరు కాళ్ల కిందే. ఆదివారం వస్తే చాలు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ ఆఫీసు పిల్లలంతా సెల్ఫీలకు అక్కడే.

వరూధిని సెల్ఫీకి రాలేదు.

రెండేళ్ల కిందట ఆమె తమ్ముడు ఆ బండ మీదే జారిపడ్డాడు. ఎవరో కిందికి మోసుకొచ్చారట. పేరు అంబులెన్సు డ్రైవరుకూ తెలియదు. బండి వచ్చేసరికే ప్రాణం లేదు.

మొహంలో మాత్రం నవ్వుంది.

ఆ నవ్వే తల్లి ఓబులమ్మను రెండేళ్లుగా తినేస్తోంది.

"ఎముకలిరిగినోడు ఎట్ల నవ్వినాడు మే? నా బిడ్డకు నొప్పి తెలిసిందా, తెలీలేదా? ఆడ ఎవరన్నా చూసినోళ్లుంటే అడుక్కోని రా," అంటూ ఆ పొద్దున చెనక్కాయల ఉండలు డబ్బాలో పెట్టిచ్చింది. వాడికి ప్రాణం అవంటే.

కొండ కింద టీ కొట్టు రామక్క గ్లాసులు కడుగుతూ నవ్వింది.

"ఏమప్పా, కత మొదలుపెడ్తావా? ఈ పొద్దన్నా చివర చెప్తావా?"

"చివర కొండ మింద పెట్టొచ్చినా. ఎక్కి తెచ్చుకో పో!"

రెండో అడుగుకే వరూధిని బూటు జారింది. విప్పి చేత పట్టుకుంది. ఆవులప్ప ఏమీ అనలేదు. అనకుండా ఉండటం ఆయనకెంత కష్టమో చూస్తే తెలుస్తోంది. కర్ర టకటకలాడిస్తూ వెనకే ఎక్కాడు.

"మా జేజినాయన కాలంలో ఈ కొండ సంగటి కుండ మాదిరి ఉడుకుతా ఉండె పాపా. చుట్టుపక్కల కోళ్లు ఉడికిన గుడ్లే పెడ్తా ఉండె. పొయ్యితో పనే లేదు."

వరూధిని బండ పట్టుకుని ఇంకో అడుగు పైకేసింది.

"కాకులు అప్పుట్లో కొంగల మాదిరి తెల్లగా ఉండె. ఈ కొండ మింద ఎగిరెగిరి, పొగకి ఇట్లయిపాయె. నమ్మవా? అదో, పొగ మచ్చ!"

బండ మీద నిజంగానే చాపంత నల్లమచ్చ ఉంది.

"నేను రాయి కొట్టేవాళ్ల బిడ్డను తాతా. కట్టెలు పేర్చి, నిప్పు పెట్టి, బండ పొర లేచేదాకా కాలుస్తారు. మా నాయన కదిరి నుంచి వచ్చి చేసిందా పనే. ఆ మచ్చ అదే. నాకా చెప్తావు?"

ఆవులప్ప మొహం వెలిగిపోయింది.

"అట్లయితే మనోళ్లే! ఇను మరి. మా జేజినాయన ఆ నిప్పు ఆర్పాలని కడవెత్తుకోని..."

"చాలు తాతా! మా తమ్ముడు పోయిన కొండ ఇది. రెండేళ్లు ఈ పక్కకు మొహం తిప్పలేకపోయినాం. నీ అబద్ధాలు వినే ఓపిక నాకు లేదు."

కర్ర టకటక ఆగిపోయింది.

ఆయన ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు.

"చివర చిన్నదే తల్లీ," అన్నాడు మెల్లగా. "నిమిషం పట్టదు. ఇనిపోరాదా?"

"వద్దన్నా కదా. పో తాతా."

బండను చేత్తో తడుముకుంటూ, పక్కవాటుగా, ఒక్కో అడుగే దిగిపోయాడు.

పైన వరూధిని డబ్బా మూత తీసి ఉండలు బండ మీద పెట్టింది. ఎక్కణ్ణుంచో ఒక కాకి వాలి ఒకటి ఎత్తుకుని ఎగిరింది. నిగనిగలాడే నల్లకాకి.

పొగకి ఇట్లయిపాయె.

ఆమెకు నవ్వొచ్చింది. రెండేళ్లలో మొదటిసారి. ఆ నవ్వు వెనకే ఏడుపు తన్నుకొచ్చింది.

దిగేసరికి ఆవులప్ప లేడు.

"ఇంటికి పాయెనక్కా. ఎప్పుడూ పొద్దు గూకేదాకా ఈడనే ఉంటాడు, ఈ పొద్దేమో," అంది రామక్క.

వచ్చే ఆదివారం అమ్మను తీసుకొచ్చి, తాత కథ మొత్తం వినాలనుకుంది వరూధిని. వానలు పట్టుకున్నాయి. ఒక ఆదివారం నాలుగు ఆదివారాలయింది.

ఐదోవారం తల్లీకూతుళ్లు వచ్చేసరికి కర్ర టీ కొట్టు గుంజకు ఆనించి ఉంది.

"తాత ఏడీ?"

"పోయి పది దినాలాయెనక్కా. నిద్దట్లోనే."

వరూధిని కర్ర పక్కనే బెంచీ మీద కూర్చుంది.

"ఆ కథ చివర... నువ్వన్నా విన్నావా రామక్కా?"

"ఎవురికీ చెప్పలేదక్కా. రెండేండ్ల కింద ఒక పిల్లోడు పైనుంచి పడె. ఆయప్ప రాళ్లు మోసే తాడుతో వీపుకి కట్టుకోని దించినాడు. ఆ దినమే నడుం విరిగె ఆయప్పకి. పిల్లోడు యాడ కండ్లు మూస్తాడోనని దోవంతా ఈ కతే చెప్పినాడంట. పిల్లోడు నవ్వతానే ఉండెనంట. 'తెల్లకాకులా తాతా? చివరికేమాయె?' అనినాడంట. అంతే, ఆ వీపు మిందనే..."

ఓబులమ్మ చెయ్యి చాచి ఆ కర్రను దగ్గరికి తీసుకుంది.

"ఆ చివర ఆ పిల్లోడిదంటక్కా," అంది రామక్క గ్లాసులు కడుగుతూ, "వాని ఇంటోళ్లు ఎవరన్నా వస్తే వాళ్లకే చెప్తానని, వచ్చిన ప్రతోళ్లకీ కత మొదలుపెట్టి చూస్తా, రెండేండ్లు ఈ కొండ కిందనే కూసున్నాడు."