సైకిల్‌ని మోసిన ముంగిస

ఒక అడవిలో ఒక ముంగిస ఉండేది. రోజూ పొద్దున్నే వాగు పక్కన సరదాకి పరుగెత్తేది. సైకిల్ తొక్కడం నేర్చుకుని మాత్రం రెండు నెలలే అయింది. అయినా ఆ ఏడు కొండ సైకిల్ పందేనికి పేరిచ్చింది.

"పరుగుకీ దీనికీ చాలా తేడా ఉందమ్మా. దారంతా రాళ్లూ, బురదా. పొద్దుగూకేలోపు చేరకపోతే లెక్కలోకే రావు," అంది ఏటా గెలిచే కోతి.

"చూద్దాంలే మావా," అంది ముంగిస.

పందెం మొదలైంది. మొదటి రాళ్ల దిగుడులోనే ముంగిస రెండుసార్లు పడింది. మోకాలు చీరుకుపోయింది. అందరూ దాటిపోయారు. లేచి, హ్యాండిల్ సరిచేసుకుని మళ్లీ ఎక్కింది.

సగం దారిలో నిట్టనిలువు కొండ వచ్చింది. ముందురోజు వానకి అక్కడంతా బురదే. చక్రాలు కూరుకుపోయి చాలామంది ఆగిపోయారు. కోతి కూడా ఓ రాయి మీద కూలబడింది.

"ఇది తొక్కే దారి కాదు. నువ్వూ వచ్చి కూర్చో," అంది.

"ఈ సైకిల్ నన్ను మోయలేకపోతే నేనే దీన్ని మోస్తాను," అంటూ ముంగిస సైకిల్‌ని భుజానికెత్తుకుని పరుగందుకుంది. భుజం ఒరుసుకుపోయింది, ఊపిరి అందలేదు. అయినా కొండ పైకి చేరేదాకా ఆగలేదు. అక్కడ మళ్లీ సైకిలెక్కింది.

సూర్యుడు చెట్ల వెనక్కి జారుతుండగా ముగింపు గీత దాటింది.

"ముంగిస, ఏడో స్థానం!" అని అరిచింది గీత దగ్గర నిలబడ్డ ముసలి ఎలుగుబంటి.

ఒళ్లంతా బురదతో ఉన్న ముంగిస తల పైకెత్తి, "తాతా, ఇంకొక్కసారి చెప్పవా?" అంది.

ఎలుగుబంటి ఈసారి కొండ అవతలికి కూడా వినబడేలా అరిచింది.