ఒక్క గుండు పక్కకి

వెండెల్ క్రాట్జ్ రైఫిల్‌ని బెంచీ మీద విసిరేసినంత పని చేశాడు.

"అమ్మిపారేస్తాను దీన్ని," అన్నాడు.

అమెరికాలో ఎరీ సరస్సు ఒడ్డున ఉన్న ఆ షూటింగ్ మైదానంలో శనివారాలు వచ్చేవాళ్లందరికీ ఆ మాట అలవాటే. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చాక వెండెల్ పాల లారీ నడుపుతున్నాడు. సెప్టెంబరు పోటీలో గెలవాలని పట్టుదల. దూరాన అట్ట మీద నల్లటి చుక్కలో గుండ్లన్నీ ఒకే చోట గుత్తిగా పడాలి. అతనివి మాత్రం చెదిరిపోయేవి.

వెనక బల్ల మీంచి ఒక ముసలాయన లేచి వచ్చాడు. వేసవి మొదలైనప్పటి నుంచీ వస్తున్నాడు. కాల్చడు. చూసి వెళ్లిపోతాడు.

"రైఫిల్‌ని తిట్టకబ్బాయ్. దీని ఇనుప భాగం కర్ర పిడిలో వదులుగా కూర్చుంది. ఇది తర్వాతి తూటా తనే ఎక్కించుకునే రకం కదా. పేలినప్పుడల్లా లోపలి సామాను అదిరి, కాస్త పక్కకి జరిగి కూర్చుంటోంది."

"ముందు మీ కళ్లద్దాలు బాగుచేయించుకోండి, తర్వాత నా రైఫిల్ సంగతి చూద్దురుగాని," అన్నాడు వెండెల్.

ఆ కళ్లద్దాల కాడకి పట్టీ చుట్టి ఉంది. మైదానం చూసుకునే గస్ పగలబడి నవ్వాడు. ముసలాయన కూడా నవ్వి వెళ్లి తన చోట కూర్చున్నాడు.

తర్వాతి శనివారమూ గుండ్లు చెదిరాయి. ఆ పై వారం వెండెల్ తనే వెళ్లి రైఫిల్‌ని ఆయన ఒళ్లో పెట్టాడు.

పేరడిగితే ఓరిన్ అన్నాడు. కార్ఖానాలో లేత్ మిషన్ మీద పనిచేసి మానేశాడట.

గస్ షెడ్డులో ఇద్దరూ కూర్చున్నారు. ఓరిన్ కర్ర లోపల మెల్లగా గీకి, గట్టిపడే లప్పం పరిచి, ఇనుముని అందులో కూర్చోబెట్టాడు. గొట్టం ముందువైపు కర్రకి ఎక్కడా ఒరుసుకోకుండా సందు తీశాడు. పని చేస్తున్నంతసేపూ వెండెల్‌ని ఏవేవో అడిగేవాడు. తల్లి ఉందా, అన్నం సయిస్తోందా, రాత్రి నిద్ర పడుతోందా అని. ఈయనకెందుకివన్నీ అనిపించేది వెండెల్‌కి.

లప్పం ఆరాక గస్ ఆ రైఫిల్‌ని ఇసుక సంచుల మీద పెట్టి కాల్చాడు. గుండ్లన్నీ ఒకే చోట పడ్డాయి.

వెండెల్ కాల్చాడు. అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. అది ఎడమ పక్కకి, కిందికి పోయింది. మళ్లీ కాల్చినా అంతే.

ఓరిన్ రైఫిల్ తీసుకుని, అతనికి కనపడకుండా తూటాల మధ్య మందు లేని ఉత్త తూటా ఒకటి కలిపి ఇచ్చాడు. దాని వంతు వచ్చింది. వెండెల్ మీట నొక్కాడు. తూటా పేలలేదు. గొట్టం మాత్రం గభాల్న కిందికి వాలింది.

గస్ చూపు తిప్పేసుకున్నాడు. వెండెల్ ముఖం కందిపోయింది.

ఓరిన్ రైఫిల్ అందుకుని అతన్ని షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు.

"పేలకముందే ఉలిక్కిపడుతున్నావు. నీకేదో వినిపిస్తోంది. ఏమిటది?"

వెండెల్ ఆ మాట అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. కన్నతల్లితో కూడా. ఎందుకో ఆ పూట అనేశాడు.

వియత్నాంలో తన పక్కన డేల్ అని ఒక కుర్రాడు ఉండేవాడు. పొలం గట్టు దాటుతుంటే వాడికి గుండు తగిలింది. వెంటనే ప్రాణం పోలేదు. సాయంత్రమంతా పిలుస్తూనే ఉన్నాడు. గట్టు మీదికి తల ఎత్తితే చాలు, కాల్పులు. ఎవరూ వెళ్లలేకపోయారు.

ఓరిన్ తుడిచిన గొట్టాన్నే నూనెగుడ్డతో మళ్లీ తుడిచాడు.

"ఎవర్ని పిలిచాడు?"

"ముందు నన్ను. తర్వాత వాళ్ల నాన్నని."

గుడ్డ ఆగింది.

"నువ్వు వెళ్లుంటే నువ్వూ పోయేవాడివి," అన్నాడు ఓరిన్. "ఆ పిలుపుని నొక్కేయాలని చూడకు. విననీ. అది ఆగాక ఊపిరి వదిలి, అప్పుడు మీట నొక్కు."

మరుసటి శనివారం ఆయన రాలేదు. ఆ తర్వాత వచ్చినప్పుడు చిక్కిపోయి ఉన్నాడు. అయినా ఆగస్టు చివరిదాకా వెండెల్ వెనకే కూర్చుని, తొందరపడినప్పుడల్లా భుజం మీద చెయ్యి వేసేవాడు. పక్కకి పోయే ఆ ఒక్క గుండూ చుక్కకి దగ్గరవుతూ వచ్చింది.

ఆ పైన ఓరిన్ మళ్లీ కనపడలేదు.

పోటీలో వెండెల్ గుండ్లన్నీ నల్లచుక్కలోనే పడ్డాయి. వెనక్కి తిరిగి చూస్తే బల్ల ఖాళీ.

పోయిన వారమే ఓరిన్‌కి నిద్రలో ప్రాణం పోయిందట అని గస్ చెప్పాడు. పక్క ఊరేనంటూ ఇంటి గుర్తులు కూడా చెప్పాడు.

వెండెల్ ఆ అట్టని చుట్టి పట్టుకుని వెళ్లాడు. ఆయన భార్య వంటింటి తలుపు తీసి, పేరు వినగానే లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. పీచ్ పండ్లతో కాల్చిన తీపి రొట్టె ఒక ముక్క కోసి ముందు పెట్టింది.

"నా రైఫిల్ బాగుచేసి పెట్టారమ్మా ఆయన," అన్నాడు వెండెల్. "ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పలేదు నేను."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"నీకోసం ఎంతమందినో వాకబు చేశాడు బాబూ. ఒక శనివారం ఇంటికొచ్చి, మన డేల్ పక్కనున్న అబ్బాయితో మాట్లాడాను, మన బిడ్డ ఒక్క క్షణంలో, ఎవర్నీ పిలవకుండా, నొప్పన్నది తెలియకుండా పోయాడట అని చెప్పాడు, నిజమే కదూ?"