సంచుల వరుస

“ఇంతేనా?” డ్రైవరు దించిన బస్తాలు చూసి అడిగింది, సరుకులు పంచే పెద్దక్క.

“ఇంతే అక్కా. గోడౌను అడుగు ఊడ్చి మరీ తెచ్చా.”

“ఇవి ఏ మూలకొస్తాయి?”

ఉచిత సరుకుల గది ముందు కాలిబాట మీద మనుషులు లేరు, సంచులున్నాయి. నిలబడితే ఆ పూట కూలి పోతుందని, పొద్దున్నే సంచిలో రాయి వేసి వరుసలో పెట్టి పనికి పోతారు. ఒకరి సంచి ఇంకొకరు జరపరు. ఈ వారం వరుస వీధి మలుపు దాకా పోయింది.

డ్రైవరు లారీ సీటు కింద నుంచి కొత్త సంచి తీశాడు. రాయి వెతికి అందులో వేసి, వరుస చివర పెట్టి వచ్చాడు.

పెద్దక్క నవ్వింది. “వడ్డించేదాన్ని నేనుండగా నీకు వరుసేంటి తమ్ముడూ? కడబంతిలో కూర్చున్నా నీ వాటా నీకు పెట్టనూ?”

“ఇకనించి నాదీ కడబంతేనక్కా. గోడౌను మూసేశారు. ఇదే ఆఖరి లోడు.”

ఆమె నవ్వు ఆగిపోయింది. “ఈ సంగతి వీళ్లకెవరు చెప్తారు?”



మలుపు దగ్గర ఒకామె ఆ కొత్త సంచి వెనక తన సంచి పెట్టింది. “కాస్త చూస్తుండక్కా, సాయంత్రం వస్తా” అని కేకేసి, బస్సు కోసం పరిగెత్తింది.