రెండో పేజీ

"ఏడవకు. కళ్ళు వాచిపోతే కార్డులో ఉన్నది నువ్వు కాదంటారు," అంది యమ్నా.

బింతా ముక్కు తుడుచుకుంది. ఆరేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా, పోయిన మంగళవారం శాశ్వత నివాస కార్డు చేతికొచ్చింది. గినీ దేశం నుంచి వచ్చిన పిల్లని ఇక ఈ దేశంలో ఎవరూ పొమ్మనలేరు. ఆ కార్డు చూపించి, భర్తకి సర్కారు ఇచ్చిన కుటుంబ పుస్తకంలో పేరు ఎక్కించుకోవాలి. తల్లి పేరు ఎక్కితేనే కూతురు సల్మా పేరు ఎక్కుతుంది. సల్మా పేరు ఎక్కితేనే బళ్ళో చేర్చుకుంటారు. బడి గడువు ఇవాళ్టితో సరి. పైగా శుక్రవారం, నమాజుకని ఈ ఆఫీసు పన్నెండింటికే మూసేస్తారు.

లైన్లో ఇంకా పదకొండు మంది ముందున్నారు.

బింతా భర్త ద్రిస్ రోడ్డవతల కాఫీ హోటల్లో కూర్చున్నాడు. నిలబడితే మోకాళ్ళు లాగుతాయట. "నా అవసరం పడ్డప్పుడు కేకెయ్యండి," అని పుదీనా టీ తెప్పించుకున్నాడు.

కాగితాలన్నీ యమ్నా సంచీలో ఉన్నాయి. యాభైకి దగ్గరపడిన మనిషి, చదువు రాదు. పోయిన చలికాలం మసీదులో ఆడవాళ్ళ చదువుకి వెళ్ళి తన పేరు రాయడం వరకు నేర్చుకుని మానేసింది. అయినా ఏ కాగితం ఏదో రంగును బట్టి, మడతను బట్టి పోల్చుకోగలదు. గినీలో అయిన పెళ్ళి కాగితం పసుపుది. చిరునామా కాగితం మీద టీ మరక ఉంది. అది ఇచ్చిన పేట అధికారి మూడు రోజులు తిప్పించుకుంటే, నాలుగో రోజు తెల్లవారకుండానే వేడి రొట్టెలు పట్టుకెళ్ళి అతని గుమ్మంలో కూర్చుంది.

కుటుంబ పుస్తకం మాత్రం సంచీలో పెట్టలేదు. అంగీ లోపల గుండెకి ఆనించి పెట్టుకుంది.

వెనక నిలబడ్డావిడ కొత్తిమీర కట్టల సంచీ కింద పెట్టి, బింతా చేతిలోని ఫారంలోకి తొంగి చూసింది.

"రెండో భార్యా?" అంది, గొంతు తగ్గించకుండానే.

బింతా తల వంచుకుంది.

"సిగ్గెందుకే పిల్లా! ఆ పుస్తకంలో పెళ్ళాలకి నాలుగు పేజీలు సర్కారే అచ్చేసి ఇస్తోంది. ఖాళీ పేజీ కనిపిస్తే మగాడి చెయ్యి ఊరుకుంటుందా?"

లైనంతా నవ్వింది. యమ్నా కూడా నవ్వింది.

"మొదటావిడ సంతకం అయిందా మరి?"

"ఇంకా లేదు," అంది యమ్నా.

"అది లేకుండా కిటికీ దాకా వెళ్ళి ఏం లాభం? ఆవిడ పెట్టదు, నేను రాసిస్తా. నేనైతే ఆ కలంతో ముందు వాడి కన్ను పొడుస్తా. ఇంతకీ ఎలాంటి మనిషి?"

యమ్నా సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. "ఏమో తల్లీ. ఇన్నేళ్ళయినా నాకూ అంతు పట్టలేదు."

"పిల్లలా?"

"లేరు."

"అదీ సంగతి. గొడ్రాలి కడుపుమంట ఏ నీళ్ళకీ ఆరదు."

బింతా చివ్వున వెనక్కి తిరిగింది. యమ్నా ఆమె మోచెయ్యి పట్టుకుని మళ్ళీ ముందుకు తిప్పింది.

"మీలాంటి అత్తగారు దొరకాలంటే పెట్టి పుట్టాలండీ," అంది కొత్తిమీర ఆవిడ. "మా అత్త నా కాగితాలు పొయ్యిలో పెట్టింది."

"లైను కదిలింది, చూసుకో," అంది యమ్నా.

పొద్దున జడలు వేస్తుంటే సల్మా అడిగింది, "బళ్ళో నా పేరు పిలుస్తారా?" అని. యమ్నా పిలుస్తారని చెప్పింది. ఆ పిల్ల పాలు మరిచిన నాటి నుంచి ఆమె పక్కలోనే పడుకుంటుంది.

కిటికీ దగ్గరికి చేరేసరికి పన్నెండుకి పది నిమిషాలు.

గుమాస్తా కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి కార్డు చూశాడు. "కార్డు బాగుంది, శుభం. ఈ పసుపు కాగితానికి ముద్ర ఏది?"

"వెనక ఉంది నాయనా, తిప్పు."

"ఫోటోలు నాలుగు కావాలి."

"ఆరున్నాయి."

"భర్త?"

బింతా గుమ్మంలోకి పరుగెత్తి కేకేసింది. ద్రిస్ మూతి తుడుచుకుంటూ వచ్చి, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడు. "ఇంకా ఎంతసేపు? శుక్రవారం పూటా కుస్కుసు ఎప్పుడు వండుతారు?" అని విసుక్కుని, మిగిలిన టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

గుమాస్తా చివరి కాగితం తిప్పాడు. "ఒప్పుకున్నట్టు మొదటి భార్య సంతకం కావాలి. ఆవిడే స్వయంగా వచ్చి నా ఎదుట పెట్టాలి. ఇంట్లో వేయించుకొచ్చిన వేలిముద్రలు చెల్లవు."

"నేను చెప్పలా!" అంది వెనకనుంచి కొత్తిమీర ఆవిడ. "ఇక సోమవారం రండి. ఆ మహాతల్లి కాళ్ళు పట్టుకుని తీసుకురండి."

గుమాస్తా గోడ గడియారం చూసి కిటికీ తలుపు మీద చెయ్యి వేశాడు.

యమ్నా అంగీ లోపలి నుంచి కుటుంబ పుస్తకం తీసి మొదటి పేజీ తెరిచి, పక్కనే తన గుర్తింపు కార్డు పెట్టి, దారంతో కట్టిన కలం అందుకుని, చలికాలమంతా కూర్చుని నేర్చుకున్న ఆ పేరుని ఆ చివరి కాగితంలో 'మొదటి భార్య' అని ఉన్న గీత మీద ఒక్కో అక్షరంగా రాసింది.