ఎందుకని అడగండి

"వైరింగ్ పనా!" డ్రైవరు కుర్చీలోంచి లేచాడు. "గంటసేపు ప్రశ్నలు వేసి, చివరికి తేల్చింది ఇదా?"

తెర మీద అక్షరాలు మాత్రం కదల్లేదు: విద్యుత్ కోర్సు.

బడి చదువు ముగించిన పిల్లలకు తగిన దారి చెప్పే కంప్యూటర్ అది. ఏ కోర్సో సాయంత్రంలోగా టీచరమ్మకు చెప్పాలి.

"అకౌంట్స్ అని రాయించవే. హాయిగా ఫ్యాన్ కింద ఉద్యోగం."

"ఆ ఫ్యాన్ ఎవరో ఒకరు బిగించాలిగా నాన్నా?" అంది కూతురు.

పక్క కుర్చీలో ఉన్నావిడ ఫక్కున నవ్వింది. ఎవరో పిల్ల తల్లి కాబోలనుకున్నాడు డ్రైవరు.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు కదండీ, ఇదీ అంతే. కింద 'ఎందుకు' అని బటన్ ఉంది. అలా ఎందుకు చెప్పిందో అడగండి."

"ఆడపిల్లని స్తంభాలెక్కించమంటారా? అంత ముచ్చటగా ఉంటే మీ పిల్లని ఎక్కించండి."

"మా పిల్లకి మేడ మెట్లెక్కినా కళ్లు తిరుగుతాయి. లాయర్ని చేశాం." ఆవిడ డ్రైవరు కూతురి వైపు తిరిగింది. "అమ్మాయ్, కరెంటంటే భయం లేదా?"

"ఉందాంటీ. అందుకే ముందు మెయిన్ ఆపుతాను."

ఆవిడ కళ్లు మెరిశాయి.

"చూడండమ్మా, మీ పని మీరు చూసుకోండి," డ్రైవరు గొంతు పెంచాడు. "నేనొప్పుకోను. అంతే."

ఆవిడ లేచింది. సంచి భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర టీచరమ్మతో ఒక మాట చెప్పి వెళ్లిపోయింది.

కూతురు బటన్ నొక్కింది.

'మూసినదాన్ని విప్పి చూస్తుంది. విప్పినదాన్ని మళ్లీ బిగిస్తుంది. తెలియనిది తెలియదని ఒప్పుకుంటుంది. తొందరపడదు.'

డ్రైవరు రెండుసార్లు చదివాడు. తన కూతురి గురించి ఇంత నిజం చుట్టాల్లో ఒక్కరూ చెప్పలేదు.

"నా బండి హారన్ బాగుచేసింది నువ్వే కదే?"

"మీరు మెకానిక్ చేశాడని చెప్పుకున్నారుగా!"

డ్రైవరుకు నవ్వాగలేదు.

"రాసుకోండి టీచరమ్మా, కరెంటు చదువే. ఎవరేమన్నా నేను చూసుకుంటా."

టీచరమ్మ రాసుకుంది.

"ఇందాకటి ఆవిడ మీద నోరు పారేసుకున్నానండీ. ఓ మాట చెప్పాలి. ఎవరి తల్లి ఆవిడ?"

టీచరమ్మ కలం పక్కన పెట్టింది.

"కరెంటు పనికి ఎవరు పనికొస్తారో ఈ కంప్యూటర్‌కి నేర్పిన ఇంజినీరండీ ఆవిడ, ఒక పిల్లని తన ఖర్చుతో చదివించి, సొంత కంపెనీలో పెట్టుకుందామని వచ్చి, 'సరైన పిల్ల దొరికింది, తండ్రే ఒప్పుకోలేదు' అంటూ వేరే బడికి వెళ్లిపోయారు."